ఏ ఓడియన్‌కు వెళ్లాలి? పాత గానసభలకూ వాటి పేరు పెట్టుకున్న కొత్త హాళ్లకూ ఒక పోలిక

హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సినిమాలు చూస్తూ పెరిగినవారికి ఓడియన్ అంటే ఒక సినిమా హాలు. ఢిల్లీ కన్నాట్ ప్లేస్ తెలిసినవారికి కూడా అది సినిమా హాలే. అయితే ఆ మాట పుట్టింది గ్రీకు భాషలో. ‘ఓడే’ అంటే పాట, ‘ఓడెయోన్’ అంటే పాట పాడే చోటు. తెలుగులో దానికి సరైన మాట కావాలంటే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నుంచి ఎంతో దూరం పోనక్కరలేదు, పక్కనే చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది. గానసభ అన్న రెండు ముక్కల్లో ఓడియన్ అర్థమంతా ఉంది.

ఐరోపా ప్రయాణం పెట్టుకున్నవారు ఈ పేరు దగ్గర తికమక పడుతుంటారు. ఒక్క ఏథెన్స్‌లోనే మూడు పురాతన ఓడియన్లు ఉన్నాయి. ఇటలీలోని పాంపేలో ఒకటి, ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఒకటి, గ్రీసులోని పాట్రాస్‌లో ఒకటి, జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో మరొకటి ఉన్నాయి. పారిస్‌లో ఓడియన్ ఒక నాటకశాల, లండన్‌లో సినిమా హాళ్ల సంస్థ, మ్యూనిక్‌లో ఒక చౌరస్తా పేరు. అన్నీ చూడటానికి సెలవులూ సరిపోవు, డబ్బూ సరిపోదు. కాబట్టి దేనికి ఏ కారణంతో వెళ్లాలో ముందే తేల్చుకోవడం మంచిది.

ముందుగా చూడవలసిన విషయాలు

నా దృష్టిలో మొదటి ప్రశ్న పైకప్పు గురించినది. గ్రీకులు, రోమన్లు నాటకాలకు కట్టిన పెద్ద థియేటర్లు ఆరుబయట ఉండేవి, ఓడియన్‌కు మాత్రం కప్పు వేసేవారు. లైర్, కితార వంటి తీగవాద్యాల నాదం చిన్నది. మైకు లేకుండా ఆరుబయట వీణ కచేరీ పెడితే నాలుగైదు వరుసలు దాటాక గమకం వినిపించదన్న సంగతి మన సభలకు వెళ్లేవారికి తెలిసిందే. అదే వీణను నాలుగు గోడలూ కప్పూ ఉన్న గదిలో వాయిస్తే, ఆకాశంలోకి పోవలసిన నాదం గోడలకూ దూలాలకూ తగిలి తిరిగివచ్చి, చివరి వరుసలో కూర్చున్నవారి చెవిని కూడా చేరుతుంది. ఓడియన్ పుట్టింది ఈ అవసరంలోంచే. దాని కొలతలను, గోడల మందాన్ని, పట్టే జనం సంఖ్యను నిర్ణయించినది కూడా కప్పే, ఎందుకంటే నడుమ స్తంభం లేకుండా కలప దూలం ఎంత దూరం నిలుస్తుందో అంతకు మించి హాలును వెడల్పు చేయడం కుదరదు.

రెండవ ప్రశ్న, అక్కడ ఇప్పుడు సంగీతం జరుగుతున్నదా అన్నది. మూడవది, కంటికి కనిపించే రాయిలో పాతది ఎంత, ఇటీవల చేర్చినది ఎంత అన్నది. నాలుగవది పూర్తిగా వాడుకకు సంబంధించినది, టికెట్ కొని లోపలికి వెళ్లి మెట్ల మీద కూర్చోనిస్తారా, లేక పైనుంచి చూసి రావలసిందేనా అన్నది. పక్కనే ఒక ఆరుబయటి థియేటర్ కూడా ఉంటే మరీ మంచిది. రెంటినీ ఒకే గంటలో చూసినవారికి తేడా ఎవరూ వివరించనక్కరలేదు.

| ఓడియన్ | కాలం | ఎందరికి (సుమారు) | ఇప్పుడు కప్పు | ఇప్పటి వాడుక |
|---|---|---|---|---|
| పాంపే | క్రీ.పూ. 80 తరువాత | 1,000–1,500 | లేదు | సందర్శన |
| అగ్రిప్ప ఓడియన్, ఏథెన్స్ | క్రీ.పూ. 15 ప్రాంతం | 1,000, తరువాత 500 | లేదు | శిథిలం, సందర్శన |
| హెరోడెస్ ఓడియన్, ఏథెన్స్ | క్రీ.శ. 160ల్లో | 5,000 | లేదు | వేసవి కచేరీలు |
| పాట్రాస్ | హెరోడెస్ కన్నా ముందు | 2,300 | లేదు | సందర్శన, వేసవి కార్యక్రమాలు |
| లియాన్ | రోమన్ కాలం | 3,000 | లేదు | సందర్శన, వేసవి ఉత్సవం |
| అమ్మాన్ | క్రీ.శ. 2వ శతాబ్దం | 500 | లేదు | సందర్శన, అప్పుడప్పుడు కచేరీలు |
| పారిస్ ఓడియన్ | 1782 | ఇప్పుడు 800 | ఉంది | నాటకాలు |
| లండన్ లెస్టర్ స్క్వేర్ | 1937 | ఇప్పుడు 800 | ఉంది | సినిమాలు |

కప్పు గడిని పై నుంచి కిందికి చదివితే విషయం తెలుస్తుంది. కప్పు కోసమే పుట్టిన కట్టడాల్లో ఒక్కదానికీ ఇవాళ కప్పు లేదు. కప్పు ఉన్న కొత్తవాటిలో ప్రధానంగా జరిగేది సంగీతం కాదు. ఎంపికలోని కష్టమంతా ఇక్కడే ఉంది, ఏదో ఒకటి వదులుకోక తప్పదు.

పాంపే: ఓడియన్ అంటే ఏమిటో తెలుసుకోవాలనుకునేవారికి

కొలతలో చిన్నదైనా నేను మొదటి స్థానం దీనికే ఇస్తాను. క్రీ.పూ. 80 తరువాత, పాంపే రోమన్ వలసగా మారిన తొలి ఏళ్లలో, గాయస్ క్విన్‌టియస్ వాల్గస్, మార్కస్ పోర్సియస్ అనే ఇద్దరు నగరాధికారులు దీనిని కట్టించారు. ఆ సంగతి చెక్కిన శాసనం నేటికీ ఉంది. అందులో ఈ కట్టడానికి వాడిన పేరు ‘థియాట్రుమ్ టెక్టుమ్’, అంటే ‘కప్పు వేసిన థియేటర్’. కట్టినవారి దృష్టిలో దీని ప్రత్యేకత ఏమిటో ఆ రెండు మాటలే చెబుతున్నాయి. ఆ ఊరి ఆంఫీథియేటర్‌ను కట్టించినది కూడా ఈ ఇద్దరే.

లోపలికి వెళ్లినవారు మొదట గమనించవలసినది మెట్ల వరుసల ఆకారాన్ని. మామూలు రోమన్ థియేటర్‌లో అవి పూర్తి అర్ధచంద్రాకారంలో ఉంటాయి. ఇక్కడ మాత్రం పై వరుసల రెండు చివరలనూ నిట్టనిలువు గోడలు కత్తితో కోసినట్టు కోసేశాయి. కప్పు బరువు మోయడానికి హాలును నలుచదరపు గోడల మధ్య ఇమడ్చవలసి రావడమే దీనికి కారణం. కప్పు పోయి రెండు వేల ఏళ్లు కావస్తున్నా, అది ఎక్కడ ఆనిందో ఆ కోత చూపిస్తూనే ఉంది.

కింది వరుసలో కూర్చొని రాతిని చేత్తో తడిమి చూడండి. కూర్చునే భాగం వెనుక రాయిని కాస్త పల్లంగా చెక్కారు, పై వరుసవారి పాదాలు అందులో ఇమిడి ముందువారి బట్టలకు తగలకుండా ఉండేందుకు. మెట్ల వరుసలకు రెండు పక్కలా ఉన్న గోడల చివర అగ్నిపర్వత శిలలో చెక్కిన మనుషులు మోకాళ్ల మీద వంగి, చేతులు పైకెత్తి భుజాల మీద ఏదో బరువు మోస్తున్నట్టు ఉంటారు. వారి కండరాలు బిగుసుకున్న తీరు చూస్తే, లేని కప్పును కూడా ఇంకా వారే మోస్తున్నారనిపిస్తుంది.

పక్క గోడ అవతలే సుమారు 5,000 మంది పట్టే పెద్ద థియేటర్ ఉంది. అక్కడ ఒకరు నిలబడి మాట్లాడగా విని, వెంటనే ఇక్కడికి వచ్చి అదే మాట అనిపించి వినండి. కప్పు లేకపోయినా, గోడల దగ్గరితనం వల్ల చెవికి తేడా తెలుస్తుంది. ఇక్కడ వదులుకోవలసినది కచేరీ. పాంపేకి వచ్చేవారు ప్రధానంగా వీధులు, ఇళ్లు చూడటానికి వస్తారు కాబట్టి గైడ్లు ఈ చిన్న హాలు దగ్గర ఎక్కువసేపు ఆగరు. ఇరవై నిమిషాలు కావాలని ముందే చెప్పి ఉంచడం మేలు.

ఏథెన్స్: ఒకే ఊళ్లో మూడు, వాటిలో వినదగినది ఒకటే

అన్నిటికన్నా పాతది ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ కట్టించిన ఓడియన్. క్రీ.పూ. 5వ శతాబ్దంలో, అక్రోపొలిస్ దక్షిణపు వాలులో, డయోనైసస్ థియేటర్ పక్కన దీనిని కట్టారు. పనథెనియా ఉత్సవంలో సంగీత పోటీలు ఇందులోనే జరిగేవి. దీని కప్పును పారశీక చక్రవర్తి గుడారం ఆకారంలో కట్టారని గ్రీకు రచయిత ప్లుటార్క్ రాశాడు. ఓడిపోయిన పారశీక ఓడల తెరచాప కొయ్యలే దీని కలప అని మరొక కథనం. క్రాటినస్ అనే హాస్యనాటక కవి, పెరిక్లీస్ ఓడియన్‌ను నెత్తిన పెట్టుకొని నడిచి వస్తున్నాడని ఎగతాళి చేశాడు. ఆ కప్పు ఊరందరి నోళ్లలో ఎంతగా నానిందో దీనివల్ల తెలుస్తుంది. అయితే అంత పెద్ద కప్పును మోయడానికి లోపల అడవిలా స్తంభాలు నిలపవలసి వచ్చింది. చెవికి అడ్డులేకపోయినా కంటికి అడ్డే. క్రీ.పూ. 86లో రోమన్ సేనాని సుల్లా ముట్టడి సమయంలో, కలప శత్రువు చేతికి చిక్కకూడదని ఏథెన్స్ వారే దీనికి నిప్పు పెట్టారు. తరువాత కప్పదోకియా రాజు తిరిగి కట్టించాడు. ఇవాళ కనిపించేది నేలమట్టపు ఆనవాళ్లు మాత్రమే కాబట్టి, చరిత్ర చదువుకున్నవారు తప్ప ఇతరులు దీనికోసం ప్రత్యేకంగా వెళ్లనక్కరలేదు.

రెండవది అగోరా అనే పురాతన సంత మైదానం నడిమధ్యన రోమన్ సేనాని అగ్రిప్ప కట్టించినది. స్తంభాలు అడ్డం లేకుండా చేయాలన్న పట్టుదలతో, సుమారు 25 మీటర్ల వెడల్పు గల హాలుకు నడుమ ఏ ఆధారమూ లేకుండా కప్పు వేశారు. అది ఒకటిన్నర శతాబ్దం పైగా నిలిచి, క్రీ.శ. 150 ప్రాంతంలో కూలిపోయింది. తిరిగి కట్టినప్పుడు హాలును సగానికి తగ్గించి, వెయ్యిమందికి బదులు 500 మందికి సరిపెట్టారు. ఆ రెండవ దశలో ముఖద్వారానికి నిలిపిన భారీ విగ్రహాలు కొన్ని ఇప్పటికీ అగోరాలో నిలబడి ఉన్నాయి. భవన నిర్మాణం చదివే విద్యార్థులకు ఇది గొప్ప పాఠం. పెరిక్లీస్ కాలం వారు చూపును వదులుకొని కప్పును నిలుపుకున్నారు, అగ్రిప్ప కాలం వారు చూపును నిలుపుకొని చివరికి కప్పును పోగొట్టుకున్నారు.

మూడవది అందరికీ తెలిసిన హెరోడెస్ అట్టికస్ ఓడియన్. క్రీ.శ. 160లో చనిపోయిన భార్య రెజిల్లా జ్ఞాపకార్థం హెరోడెస్ దీనిని కట్టించాడు. లెబనాన్ దేవదారుతో వేసిన కప్పు దీని కీర్తికి కారణమైంది. సుమారు 76 మీటర్ల వ్యాసం గల ప్రేక్షక భాగమంతటినీ ఆ కప్పు కప్పేదా, కొంత భాగాన్నేనా అన్నదానిపై పండితులు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. క్రీ.శ. 267లో హెరూలీ తెగవారి దండయాత్రలో అది ధ్వంసమైంది. ఇప్పుడు కూర్చునే తెల్లని పాలరాతి మెట్లు 1950లలో పెంటెలిక్ పాలరాతితో మళ్లీ పరచినవి. వేదిక వెనుక మూడంతస్తుల ఎత్తున కమానులతో నిలిచిన గోడ మాత్రం పాతదే. 1955 నుంచి ఏథెన్స్ ఉత్సవానికి ఇదే ప్రధాన వేదిక. 1957లో ఒపెరా గాయని మరియా కలాస్ ఇక్కడ పాడింది.

రాతిలో పాతదనం కోరేవారికి ఇక్కడ కొంత నిరాశ తప్పదు. కప్పు కింది నాదం కోరేవారికీ అంతే, ఎందుకంటే ఇప్పుడిది ఒక ఆరుబయటి థియేటర్. అయినా దాదాపు రెండు వేల ఏళ్ల నాటి గోడ ముందు, చీకటి పడుతుండగా, ఒక గొంతు పైకి లేవడం వినాలన్నవారికి నేను పేర్కొన్నవాటిలో దీనికి సాటి లేదు. పగటిపూట మామూలు సందర్శకులను లోపలికి పంపరు, అక్రోపొలిస్ దారిలో నిలబడి పైనుంచి చూడవలసిందే. కాబట్టి కచేరీ టికెట్ లేకుండా దీన్ని లెక్కలోకి తీసుకోవద్దు. మరమ్మతుల కోసం దీర్ఘకాలం మూసివేసే అవకాశం ఉంటుంది కనుక, విమానం టికెట్ కొనేముందే ఆ ఏడాది కార్యక్రమాలు ఇక్కడ ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఎత్తు మడమల చెప్పులు అనుమతించరు. పై వరుసలకు ఎక్కే మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారితో వెళ్లేవారు టికెట్ ఖరీదు ఎక్కువైనా కింది వరుసలే తీసుకోవాలి.

పేరు తక్కువైనా పనికివచ్చేవి

పౌసానియస్ అనే యాత్రికుడు క్రీ.శ. 2వ శతాబ్దంలోనే ఇలాంటి పోలిక ఒకటి చేశాడు. గ్రీసులోని ఓడియన్లలో పాట్రాస్‌లోనిది శ్రేష్ఠమనీ, దాన్ని మించినది ఏథెన్స్‌లోని హెరోడెస్ ఓడియన్ ఒక్కటేననీ రాశాడు. ఏథెన్స్ గురించిన భాగంలో ఆ కట్టడాన్ని ఎందుకు చెప్పలేదో కూడా అక్కడే వివరించాడు, ఆ భాగం ముగించేనాటికి హెరోడెస్ దాని నిర్మాణం మొదలుపెట్టనే లేదట. పాట్రాస్‌లో రద్దీ తక్కువ, మెట్ల మీద తీరిగ్గా కూర్చోవచ్చు. అయితే ఇక్కడ కూడా 1950లలో చేసిన పునరుద్ధరణే ఎక్కువ.

లియాన్‌లో ఫూర్వియేర్ కొండ మీద పెద్ద థియేటర్, ఓడియన్ పక్కపక్కనే ఉన్నాయి. పాంపేలో చెప్పిన పోలిక ఇక్కడా చేయవచ్చు, పైగా ఈ ఆవరణలోకి ప్రవేశం ఉచితం. ఓడియన్ బయటి గోడ మందం ఆరు మీటర్లకు పైనే. అంత మందం దేనికని పిల్లలను అడిగి, జవాబు వారితోనే చెప్పించవచ్చు. వేసవిలో జరిగే ఫూర్వియేర్ రాత్రుల ఉత్సవంలో ఈ వేదికల మీద సంగీతం ఉంటుంది. ఒకే ప్రయాణంలో పాత రాయీ కచేరీ రెండూ కావాలనుకునే కుటుంబానికి, ఏథెన్స్ ఖర్చుకు వెనుకాడేవారికి, నా సలహా లియాన్. గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తున్న తెలుగువారికి మాత్రం అమ్మాన్ దగ్గర. సుమారు 6,000 మంది పట్టే రోమన్ థియేటర్‌కు ఆనుకునే 500 మంది పట్టే ఓడియన్ ఉంది. సగం రోజులో రెండూ చూసి రావచ్చు.

కొత్త ఓడియన్లు: పేరుకు తగిన పని చేసినవి ఏవి?

పారిస్ ఓడియన్ 1782 ఏప్రిల్ 9న మరీ ఆంత్వానెత్ రాణి సమక్షంలో తెరుచుకుంది. ఓడియన్ అన్న పేరు 1790ల ద్వితీయార్ధంలో, విప్లవకాలపు గ్రీకు మోజులో వచ్చింది. 1799లో ఒకసారి, 1818లో మరొకసారి కాలిపోయినా రెండుసార్లూ తిరిగి లేచింది. ఇది ప్రధానంగా నాటకాలదే. అయినా సంగీత చరిత్రలో దీనికొక చోటుంది. 1827లో ఇక్కడ ఐరిష్ నటి హారియట్ స్మిత్సన్ ఒఫీలియాగా నటిస్తుండగా చూసి ఫ్రెంచి స్వరకర్త బెర్లియోజ్ మనసు పారేసుకున్నాడు, మూడేళ్ల తరువాత వచ్చిన అతని ‘సింఫనీ ఫాంటాస్టిక్’ ఆ వేదనలోంచే పుట్టింది. ఫ్రెంచి నాటకం మీద ఆసక్తి ఉంటే వెళ్లండి. సంగీతం కోసమైతే పారిస్‌లో వేరే హాళ్లున్నాయి.

మ్యూనిక్‌లో 1828లో వాస్తుశిల్పి క్లెంజె కట్టిన ఓడియన్ నిజంగా కచేరీ హాలే, నాదానికి పేరుపొందినదే. 1944 బాంబు దాడిలో నాశనమై, యుద్ధం తరువాత ప్రభుత్వ కార్యాలయంగా మారింది. కచేరీ హాలు ఉన్న చోటు ఆ కార్యాలయానికి నడిమి వాకిలి అయింది. ఇప్పుడు దాని మీద గాజు కప్పు వేశారు. దానికోసమే మ్యూనిక్ వెళ్లనక్కరలేదు, వెళ్లినవారు ఓడియన్ చౌరస్తాలో ఒక్క నిమిషం ఆగితే చాలు.

సినిమాకు ఈ పేరు అంటుకున్న దారి వేరు. అమెరికాలో 1905లో పిట్స్‌బర్గ్‌లో అయిదు సెంట్ల టికెట్‌తో మొదలైన చిన్న సినిమా హాలుకు, ఆ నాణెం పేరు చేర్చి ‘నికెలోడియన్’ అన్నారు. బ్రిటన్‌లో ఆస్కర్ డాయిచ్ 1930లో బర్మింగ్‌హామ్ పెర్రీ బార్‌లో మొదటి ఓడియన్ తెరిచి, ఆ దశకంలోనే దేశమంతటా వాటిని నింపాడు. నల్లని రాతి ముఖద్వారంతో 1937లో తెరుచుకున్న లెస్టర్ స్క్వేర్ ఓడియన్ వాటిలో శిఖరం వంటిది. సినిమా ప్రియులకు అది చూడదగినదే. సంగీత ప్రియులకు అక్కడ ఆసక్తి కలిగించేది, మూకీల కాలపు అలవాటుకు గుర్తుగా ఇప్పటికీ భద్రంగా ఉన్న కాంప్టన్ ఆర్గన్.

లండన్‌లోనే ఉన్న హామర్‌స్మిత్ హాలు కథ ఇంకా ఆసక్తికరం. 1932లో వేరే పేరుతో సినిమా హాలుగా తెరుచుకొని, 1962లో ఓడియన్ అయి, క్రమంగా పాశ్చాత్య రాక్ సంగీతానికి పెద్ద వేదికగా మారింది. 1973 జూలై 3న డేవిడ్ బోయి తన ‘జిగ్గీ స్టార్‌డస్ట్’ వేషానికి వీడ్కోలు చెప్పినది ఇక్కడే. ఇప్పుడు దాని పేరు అపోలో. కప్పు ఉంది, కచేరీలు ఉన్నాయి, పోయినది పేరు ఒక్కటే. ఆ పేరు అర్థాన్ని సార్థకం చేసిన కొత్త హాలు ఏదంటే నేను నిస్సందేహంగా దీన్నే చూపిస్తాను.

ఎవరికి ఏది

నాలుగైదు రోజులే చేతిలో ఉండి, కట్టడం అర్థం కావాలనుకునేవారు నేపుల్స్‌లో దిగి పాంపే చూడాలి. సంగీతమే ప్రాణమైనవారు ఏథెన్స్ ఉత్సవం తేదీలు చూసుకొని, వాటి చుట్టూ ప్రయాణం అల్లుకోవాలి. టికెట్ దొరకకపోతే లియాన్. లండన్‌లో చదువుకుంటున్న పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులు హామర్‌స్మిత్‌లో ఏదైనా ఒక కచేరీకి వెళ్లవచ్చు. గొంతు దగ్గరగా, కప్పు కింద వినాలన్న కోరిక అక్కడ తీరుతుంది.

దేశం దాటలేనివారికి నాగార్జునసాగర్ దగ్గర అనుపు ఉంది. నాగార్జునకొండలో బయటపడిన ఇక్ష్వాకుల కాలపు రంగస్థలాన్ని, జలాశయంలో మునగకుండా, అక్కడికి తరలించి తిరిగి పేర్చారు. దానిలో రోమన్ ప్రభావం ఉందని కొందరు పరిశోధకులు భావించారు. అది ఓడియన్ కాదు, దానికి కప్పు లేదు. అయినా మెట్ల వరుసల మధ్య మాట ఎలా ప్రయాణిస్తుందో పిల్లలకు చెవితోనే నేర్పడానికి అంతకన్నా దగ్గరి చోటు మనకు లేదు.

ఇల్లు కదలలేనివారికి ఇంకొక ఓడియన్ ఉంది, అది గ్రామఫోన్ రికార్డు. 1903లో బెర్లిన్‌లో మొదలైన ఓడియన్ కంపెనీ, మరుసటి ఏడాదే రెండు వైపులా పాటలున్న రికార్డులను మార్కెట్‌లోకి తెచ్చింది. 1930లలో మద్రాసులో ఆ రికార్డులు అమ్మిన సరస్వతి స్టోర్స్ వెనుక ఉన్నది ఎ.వి. మెయ్యప్ప చెట్టియార్, తరువాత ఏవీఎం స్టూడియో నెలకొల్పినవారు. తాతల నాటి రికార్డులు ఇంట్లో ఉన్నవారు వాటిలో ఓడియన్ ముద్ర ఉన్నదొకటి వెతికి తీసి, నడుమ కాగితాన్ని వెలుతురులో చూడండి. దాని మీద అచ్చువేసిన బొమ్మ పారిస్ ఓడియన్ నాటకశాల గుమ్మటం.